చిమ్నీకి కుట్టిన అద్దాలు

1989 జనవరి 24, మధ్యాహ్నం, బూర్గంపాడు.

హాజరైనవారు: గాజు కంపెనీ తరఫున డిజైన్ ఆఫీసరు. శిక్షణ కేంద్రం తరఫున డ్రాయింగ్ ఇన్‌స్ట్రక్టరుగా నేను. విద్యార్థులు ముగ్గురు: భద్రాచలం పట్నం అబ్బాయి, పత్తి రైతు కొడుకు, తాండా అమ్మాయి. పిలవకుండా వచ్చినవారు ఒకరు: తాండా అమ్మాయి నానమ్మ.

డైరీలో ఆ రోజు పేజీ పైన ఇలాగే రాసుకున్నాను. ఏ సమావేశమైనా ముందు ఎవరెవరు ఉన్నారో రాసుకోవడం ఉద్యోగంలో చేరిననాటి నుంచీ అలవాటు. ఇప్పుడు తీరిక దొరికి పాత డైరీలు తిరగేస్తుంటే, ఆ రోజుల్లో నన్ను కాల్చుకుతిన్న సంగతులు చాలావరకు నవ్వు తెప్పిస్తున్నాయి. ఈ పేజీ మాత్రం ఇంకా నవ్వు తెప్పించడం లేదు.

మాది ప్రభుత్వం నడిపే చిన్న శిక్షణ కేంద్రం. అడవి అంచు ఊళ్ళ పిల్లలకు రెండేళ్ళ కోర్సు. డ్రాయింగు, నమూనాలు చేయడం, వెదురు పని, బట్టల మీద అచ్చులు వేయడం నేర్పేవాళ్ళం. గాజు పని మా దగ్గర లేదు. కొలిమి లేదు, గాజు ఊదేవాడు లేడు. అయినా అంతకు ముందు వానాకాలంలో హైదరాబాదు గాజు కంపెనీ ఒకటి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. పేరు రాయను. లాంతరు ఉన్న ప్రతి ఇంట్లోనూ దాని చిమ్నీ ఉండేది. చిమ్నీ పగిలితే మా ఊళ్ళవాళ్ళు కొట్టుకు పోయి ఆ ముద్ర చూసి మరీ తెచ్చుకునేవారు.

కంపెనీ కష్టం కంపెనీది. ఆఫీసరు మొదటిసారి వచ్చినప్పుడే చెప్పాడు.

"ప్రతి ఊళ్ళో కరెంటు స్తంభం పాతుతున్నారు మాస్టారూ. ఇక మా చిమ్నీ ఎవడు కొంటాడు?"

పత్తి రైతు కొడుకు వెనక బెంచీలోంచి అందుకున్నాడు. "స్తంభం వచ్చిందండీ, కరెంటే ఇంకా రాలేదు. మీరేం దిగులు పడకండి."

వాళ్ళది గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ నల్లరేగడి కొనుక్కున్న కుటుంబం. మాటకు మాట అంటించడం వాడికి పుట్టుకతో వచ్చింది. ఆఫీసరు కూడా నవ్వాడు. నిజానికి చెడ్డమనిషి కాదు. నలభై దాటినవాడు, ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ నలిగిన ముఖం.

కంపెనీ ఆలోచన ఇది. చిమ్నీ గాజునే తీసుకుని, దానికి అలంకారం చేసి, చెక్క పీట మీద నిలబెట్టి, లోపల కొవ్వొత్తి పెట్టే స్టాండులుగా పెద్ద హోటళ్ళకు, పట్నం ఇళ్ళకు అమ్మాలి. ఖాళీ గాజులు కంపెనీ పంపుతుంది. అలంకారానికి కావలసిన సామాను విద్యార్థులే తెచ్చుకోవాలి. నచ్చిన నమూనా ఫిబ్రవరిలో ఢిల్లీ ప్రదర్శనకు వెళుతుంది. చేసిన విద్యార్థికి కంపెనీ డిజైన్ సెక్షన్లో చోటు.

ఆ చివరి మాటే మా కేంద్రాన్ని ఆరు నెలలు ఆడించింది.

మొదట "అడవి కనబడాలి" అన్నారు. పిల్లలు టేకు ఆకులు, మోదుగపూలు, వెదురు కణుపులు గాజు మీద వేశారు. పార్సిలు పంపాం. ఆకులు అందరూ వేస్తున్నారు, పండుగ కళ కావాలి అని జవాబు. భద్రాచలం అబ్బాయి, గుడి వీధిలో పుట్టినవాడు, సీతారామ కల్యాణం ఒక చిమ్నీ చుట్టూ ఎంతో ఓపికగా వేశాడు. అది చూసి, దేవుళ్ళు వద్దు, కొవ్వొత్తి అన్ని మతాలవాళ్ళూ వెలిగిస్తారు అన్నారు. సరే, పూలతీగలు వేస్తే రంగులు ఎక్కువయ్యాయన్నారు. తెలుపు, బంగారు రంగు చాలు అన్నారు. అవి పంపాక, మీ ప్రాంతం ముద్ర ఎక్కడా కనబడటం లేదేమిటని అడిగారు.

"అడవి వద్దట, దేవుడు వద్దట, రంగు వద్దట. గిప్పుడు మన ముద్ర కావాల్నట. గాజు మీద మన బొటనవేలు ఒత్తి పంపుదమా సార్?" అన్నాడు భద్రాచలం అబ్బాయి.

నేను వాడిని కసిరాను. కానీ వాడన్నది నా మనసులో మాటే. మనిషికి తనకేం కావాలో తెలియకపోవడం తప్పు కాదు. ప్రతిసారీ కొత్తమాట చెప్పి, మొదటినుంచీ అదే చెబుతున్నట్టు ముఖం పెట్టడం నాకు పడదు. ఒక పని ఇచ్చేటప్పుడు కొలతలు చెప్పి ఇవ్వాలి. కొలత మార్చితే మార్చానని చెప్పాలి. ఇంతకన్నా పెద్ద ఆశ నాకేం లేదు.

తాండా అమ్మాయి ఈ గోలలో ఎక్కడా నోరు మెదపలేదు. పంపిన ప్రతి నమూనా చేసింది, తిరిగొచ్చిన ప్రతిదీ తుడిచి మళ్ళీ మొదలుపెట్టింది. ఆమె తొందర వేరు. సంక్రాంతికి ముందే వాళ్ళ నాన్న కేంద్రానికి వచ్చి నాతో మాట్లాడి వెళ్ళాడు.

"సారూ, మిరప కోతకొచ్చింది. కూలోళ్ళు దొరుకుతలేరు. కంపెనీల జాగా ఇస్తరంటే పంపుత, మా తాండల ఎవ్వలకు దొరకని పని. ఇయ్యరంటే ఇంక ఆడ కూసుండి బొమ్మలేసుడు ఎందుకు? తోలుకపోత."

కోర్సు చివరి పరీక్ష మార్చిలో. అది రాస్తేనే సర్టిఫికెట్టు. రెండేళ్ళు చదివి చివరి రెండు నెలలకు వెళ్ళిపోతే ఏమీ చదవనట్టే లెక్క అని చెప్పాను. ఆయన విన్నాడు. "కంపెనీ వచ్చిపోనీ" అన్నాడు. అంటే ఆమె కోర్సులో ఉంటుందా, మిరప చేలోకి వెళుతుందా అన్నది ఆఫీసరు ఆ మధ్యాహ్నం చెప్పబోయే మాట మీద నిలబడింది. అది అమ్మాయికి తెలుసు, నాకు తెలుసు, మిగిలిన ఇద్దరికీ తెలుసు.

మా ప్రాంతం ముద్ర ఏదీ అని అడిగిన ఉత్తరం వచ్చాక ఆమె ఒక శనివారం ఇంటికి వెళ్ళి సోమవారం వచ్చింది. చేతిలో బట్టమూట. అందులో చిన్న చిన్న అద్దపు బిళ్ళలు. వాళ్ళ నానమ్మ పెళ్ళినాటి అద్దాల లంగా అంచు చిరిగిపోతే, ఆ అంచు నుంచి ఊడదీసినవి.

పాత లంగాల అద్దాలకు, బజారులో దొరికేవాటికి తేడా ఉంది. బజారువి మిషను మీద కోసినవి, చదునుగా, మందంగా ఉంటాయి. పాతవి గాజును బుడగలా ఊది, లోపల పూత పోసి, పగలగొట్టి చేసినవి. చింతాకంత పలచన. ప్రతి బిళ్ళా కొంచెం ఉబ్బి ఉంటుంది, ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఆ అమ్మాయి వాటిని చిమ్నీకి అంటించలేదు. కుట్టింది. గాజుకు సూది దిగదు కదా అని అందరం నవ్వాం. ముందు తెల్ల నూలు దారంతో చిమ్నీ చుట్టూ వలలాగా అల్లింది. ఆ వలకు, తాండాలో లంగాకు ఎలా కుడతారో అలా, అద్దం చుట్టూ దారం తిప్పి ముడి వేస్తూ ఒక్కొక్కటే నిలబెట్టింది. అద్దాన్ని దారంతో పట్టుకోవడం తప్ప వాళ్ళింట్లో ఇంకో పద్ధతి ఎవరూ ఎరుగరు. నిప్పు పక్కన దారమేమిటి అన్న ఆలోచన ఆమెకు రాలేదు.

నాకు వచ్చింది. కాబట్టి చెక్క పీట మీద కొవ్వొత్తి పెట్టి, మొదలునుంచి చివరిదాకా కాల్చి చూశాను. మధ్యమధ్యలో గాజును పై నుంచి కిందికి చేత్తో తాకి చూస్తూ వచ్చాను. పై అంచు దగ్గర చెయ్యి కాలింది. దారం ఉన్న మేర వెచ్చగా ఉంది అంతే. ఆమె ఎందుకో అంచుకు నాలుగు వేళ్ళ కిందనే వల ఆపేసింది. "పైదాక అల్లితే గాజు కనబడది గద సార్" అంది అడిగితే. మరో రెండు కొవ్వొత్తులు కాల్చాను. దారం రంగు కూడా మారలేదు.

వెలిగించినప్పుడు ఏమైందో కూడా చెప్పాలి. గది గోడల మీద చుక్కలు లేచాయి. మంట ఊగినప్పుడల్లా అవి కదిలాయి. అద్దాలు ఉబ్బుగా ఉండటం వల్ల ఏ చుక్కా గుండ్రంగా లేదు, సాగి, వంగి, ఒకదాన్నొకటి దాటి పోతున్నాయి. పత్తి రైతు కొడుకు కాసేపు చూసి, "ఇంక మన ముగ్గురిలో పోటీ లేదండీ. నాది తీసేయండి" అన్నాడు. వాడు పత్తికాయ విచ్చుకున్నట్టు ఒకటి చేశాడు. బాగానే ఉంది గాని, చూసినవాళ్ళంతా క్యాబేజీ అన్నారు.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. ఆఫీసరు జీపులో వచ్చాడు. టీ తాగాడు. కిటికీలు మూయించి, మూడు నమూనాలూ వరసగా వెలిగించాం. మొదటి రెండింటినీ చూసి తల ఊపాడు. మూడోది వెలిగించగానే లేచి నిలబడ్డాడు. నేను అతన్ని ఆరు నెలలుగా ఎరుగుదును. అంత సంతోషం ఆ ముఖంలో ఎప్పుడూ చూడలేదు.

"మాస్టారూ, ఇదీ... ఇదీ నేను మొదటి రోజునుంచీ అడుగుతున్నది!"

భద్రాచలం అబ్బాయి నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

"హోటల్లో దీన్ని టేబులు మీద పెడితే ఎవడూ అన్నం తినడు, దీన్నే చూస్తాడు. ఎవరమ్మా చేసింది? నువ్వా? నిన్ను మా సెక్షన్లోకి తీసుకోవాలి. నేను చెబుతున్నాను."

అప్పుడే గుమ్మంలో ఆ అమ్మాయి నానమ్మ కనబడింది. భద్రాచలం దవాఖానాలో కళ్ళు చూపించుకుని, వంతెన దాటి ఇటు వచ్చిందట. చేతిలో ఒక మందు సీసా, భుజాన సంచి. ఎవరూ రమ్మనకుండానే వచ్చి బెంచీ చివర కూర్చుంది.

"ఏమమ్మా, ఈ అద్దాలు నీవేనట?" అన్నాడు ఆఫీసరు హుషారుగా.

"నాయే. మేం ఎండకు చేన్ల నిలబడితే వాగు ఆవలి గట్టు కాన్నుంచి కనబడేటోళ్ళం. మా ఆయిన గట్లనే సూసిండు నన్ను." కళ్ళు చికిలించి గోడ వైపు చూసింది. "గిప్పుడు మందేసిండ్రు గని, నాకు అన్నీ మసకనే ఉన్నయ్. ఏం గిరగిర తిరుగుతున్నయ్ గోడ మీద? పురుగులా?"

అందరం నవ్వాం. ఆఫీసరు కూడా నవ్వుతూనే నమూనాను పీటతో సహా రెండు చేతులా ఎత్తి గుమ్మం వెలుగులోకి తెచ్చుకున్నాడు. అప్పుడు నవ్వు ఆగింది.

"ఇదేమిటి? దారమా?"

"అవ్ సార్" అంది అమ్మాయి.

"దారం ఎలా పెడతావమ్మా? కొవ్వొత్తి స్టాండుకి దారమా? రేపు ఎవడింట్లోనైనా అంటుకుంటే?"

నేను కాల్చి చూసిన సంగతి చెప్పాను. మళ్ళీ కాల్చి చూపిస్తాను, కూర్చోండి అన్నాను. ఒక కొవ్వొత్తి కాలేంతసేపు ఆగే తీరిక అతనికి లేదట. పోనీ మీరే దారాన్ని ముట్టుకుని చూడండి, వెలిగించి చాలాసేపయింది అన్నాను. ముట్టుకున్నాడు. వెచ్చగానే ఉందని ఒప్పుకున్నాడు.

"వేడి సంగతి కాదు మాస్టారూ. కొనేవాడు చూసేది దారాన్ని. నూరేళ్ళ పేరున్న కంపెనీ దారం కట్టి అమ్ముతోందంటారు. జిగురుతో అంటించండి. శుభ్రంగా ఉంటుంది."

"జిగురు అద్దం వెనక పూతకు పడుతుందో లేదో తెలీదు. ఒక్క బిళ్ళ అంటించి, రెండు రోజులు ఆగి చూద్దాం."

"రెండు రోజులా! నేను రేపు పొద్దున్నే బయలుదేరాలి. మీరు అన్నిటికీ పరీక్ష పెడతారు మాస్టారూ, ఇది మార్కెట్టు." సంచీలోంచి రెండు ట్యూబులు తీసి బల్ల మీద పెట్టాడు. రెండూ కలిపి రాసే జిగురు. "రాత్రి భద్రాచలంలో ఉంటాను. పొద్దున దర్శనం చేసుకుని ఇటు వస్తాను. అప్పటికి దారం లేకుండా తయారుగా ఉంచండి. పెట్టెలో పెట్టుకుని పోతాను."

"అయితే పోస్టు..." అన్నాను.

"అదే చెబుతున్నాను కదా. పీసు రెడీ అయితే పోస్టు రెడీ."

జీపు వెళ్ళాక కిటికీలు తెరిచాం. దారమే ఆ నమూనా. అద్దాలు చేసిన పని సగమైతే, గాజుకు అంటుకోకుండా వాటిని ఒక్కొక్కటి ఒక్కో వాలుగా పట్టుకుని దారం చేసిన పని సగం. అంటిస్తే అన్నీ ఒకే వాలుకు వస్తాయి. ఆ సంగతి పిల్లలకు చెప్పాను. వాళ్ళకూ తెలుసు.

"బజారు అద్దాలతో ఒకటి అంటించి ఇచ్చేద్దామండీ. ఆయనకు తేడా తెలీదు" అన్నాడు పత్తి రైతు కొడుకు.

అది అప్పటికే చేసి చూసిన పని. బజారు బిళ్ళలతో ఒక చిమ్నీ మొదట్లో చేసింది ఆ అమ్మాయి. వెలిగిస్తే గోడ మీద ఏదీ లేవలేదు. మంగలి షాపు తలుపులా ఉంది.

"తెలుస్తది అన్నా. ఆయినకు నచ్చింది గోడ మీదయి" అంది.

నానమ్మ ఏదో అడిగింది. ఇద్దరూ వాళ్ళ భాషలో కాసేపు మాట్లాడుకున్నారు. గొంతులు లేచాయి, తగ్గాయి. చివరికి ముసలామె మా వైపు తిరిగి తెలుగులో అంది.

"కుట్టింది ఇప్పుతదట. నేనేమంటి? ఇచ్చినంక నీయే, ఇప్పుకుంటవో పారేసుకుంటవో నీ ఇష్టం అంటి. గని ఆ జీపోని మాట నమ్మబడుతలేదు సారూ నాకు. మాట మాటకు నవ్వుతడు."

"నవ్వెటోళ్ళంత దొంగలా దాదీ?" అంది మనవరాలు. ముడి కత్తిరించడానికి అప్పటికే కత్తెర తీసింది.

ఇంకో దారి ఉందేమోనని నేను చాలా ఆలోచించాను. ఉన్నది ఉన్నట్టు పంపి, ఆఫీసరు పైవాళ్ళకు నేనే రాస్తానన్నాను. జవాబు వచ్చేసరికి ఎన్ని రోజులవుతుందని ఆమె అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను. "అప్పటిదాక బాపు ఆగడు సార్" అంది. అంతటితో ఆ మాట అయిపోయింది.

సాయంత్రం వెలుతురు ఉండగానే ముగ్గురూ కలిసి పని పూర్తి చేశారు. ఆమె విప్పితే, భద్రాచలం అబ్బాయి జిగురు కలిపాడు, పత్తి రైతు కొడుకు చిమ్నీ కదలకుండా పట్టుకున్నాడు. చలికాలం, గోదావరి గాలి. జిగురు తొందరగా గట్టిపడటం లేదు. అద్దాలు జారుతుంటే వేళ్ళతో ఒత్తి పట్టుకుని కూర్చున్నారు. పొద్దు గూకేసరికి నిలబడ్డాయి. ఒకసారి వెలిగించి చూడాలని ఎవరికీ అనిపించలేదు. అది ఆరాలి అన్నది మంచి సాకు. నానమ్మ, మనవరాలు హాస్టలుకు వెళ్ళిపోయారు.

మరునాడు పొద్దున నేనే గది తలుపు తీశాను. బయట మంచు. కిటికీ తెరిచి చూస్తే, అద్దాల్లో సగానికి పైగా లోపలినుంచి నల్లబడి ఉన్నాయి. జిగురు వెనక పూతను తినేసింది. కొన్నింట్లో చుక్కలు, కొన్నింట్లో మరకలు, ఒకటి రెండింట్లో పూత పూర్తిగా పోయి, ఆ చోట చిమ్నీ గాజు కనబడుతోంది. నల్లబడిన ఉల్లిపొరలు అంటించినట్టుంది. మనిషికి కోపం వస్తే తిట్టడానికి ఎవరో ఒకరు ఎదురుగా ఉండాలి. ఖాళీ గదిలో రెండు ట్యూబులు ఉన్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాను.

అమ్మాయి వచ్చింది. చూసింది. నానమ్మ దగ్గరగా వంగి, ఒక అద్దాన్ని గోరుతో గీకి, "మందు నా కండ్లకు పోసిన్రా, దీనికి పోసిన్రా?" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నుదుట కుంకుమతో, చేతిలో ప్రసాదం పొట్లంతో ఆఫీసరు దిగాడు. మేం చెప్పేలోపే చిమ్నీని చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఇక అరుస్తాడని నేను సిద్ధంగా ఉన్నాను.

"అబ్బ! ఇదేం చేశారు? మసి పట్టించారా? రాజుల కాలం వస్తువులా ఉంది. ఢిల్లీలో ఈ పాత కళకే గిరాకీ మాస్టారూ. నిన్నటికన్నా ఇదే బాగుంది!"

నేను ఉద్యోగంలో ఎన్నో మాటలు విన్నాను. అలాంటిది మాత్రం అదే మొదలు. వెలిగించి చూపిస్తానని చెప్పి వెలిగించాను. గోడ మీద ఏమీ లేవలేదు. అక్కడక్కడా రెండు మూడు మసక మరకలు, అంతే. నిన్న గోడను చూసి లేచి నిలబడిన మనిషి ఈరోజు గోడ వైపు చూడనే లేదు.

"పెట్టెలో పెట్టించండి" అన్నాడు.

"పోస్టు సంగతి రాసివ్వండి. వాళ్ళ నాన్నకు చూపించాలి" అన్నాను.

"పోస్టా? దానికి హెడ్డాఫీసు ఉంది కదా మాస్టారూ. నేను సిఫారసు చేస్తాను. ఈ ఏడాది కొత్తవాళ్ళను తీసుకోవద్దని ఒక మాట నడుస్తోంది. చూద్దాం."

"నిన్న మీరే చెప్పారు."

"నిన్న చెప్పింది నా అభిప్రాయం. డిజైను మాత్రం మీ కేంద్రం పేరుతోనే పెడతాం. మీకు అంతకన్నా ఏం కావాలి?"

అమ్మాయి ఈ మాటలన్నీ వింటూ బల్ల పక్కన నిలబడి ఉంది. పెట్టెలోకి గడ్డి సర్దుతున్న భద్రాచలం అబ్బాయి చేతిలోంచి చిమ్నీని తీసుకుంది. బల్ల మీద పడుకోబెట్టి, డ్రాయింగ్ పెన్సిళ్ళు చెక్కే బ్లేడు అందుకుంది. మొదటి అద్దం కింద బ్లేడు పెట్టి మెల్లగా లేపింది. చలికి జిగురు పూర్తిగా గట్టిపడలేదేమో, ఊడివచ్చింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"నా అద్దాలు తీసుకుంటున్న సార్."

"ఆ పీసు కంపెనీది!"

"గాజు కంపెనీది సార్. గాజు మీకే ఇస్త. గీ అద్దాలు మా దాదియి."

అతను నా వైపు తిరిగాడు. "మాస్టారూ, ఆపండి!"

గాజులు కంపెనీవి, అలంకార సామగ్రి విద్యార్థులది అని కంపెనీయే పెట్టిన షరతు గుర్తుచేశాను. అది ఖర్చు ఎవరు పెట్టుకోవాలో చెప్పడానికి పెట్టిన షరతే గాని దీనికి కాదన్నాడు. కావచ్చు. మాటలు పెరిగాయి. నేనూ పెద్దగానే మాట్లాడాను. ఆ వాదన జరుగుతున్నంతసేపూ బ్లేడు శబ్దం ఆగలేదు. కొన్ని బిళ్ళలు నిలువునా పగిలాయి. పగిలినవి కూడా ఆమె కొంగులోనే వేసుకుంది. చివరికి జిగురు చారలు మిగిలిన ఖాళీ చిమ్నీని రెండు చేతులా తెచ్చి ఆఫీసరు ముందు పెట్టింది. అతను దాన్ని ముట్టుకోలేదు. జీపు ఎక్కి వెళ్ళిపోయాడు. మిగిలిన రెండు నమూనాల ఊసు ఎవరూ ఎత్తలేదు.

అమ్మాయి హాస్టలుకు వెళ్ళి తన పెట్టె తెచ్చుకుంది. బస్సు స్టేజీ దాకా నేనూ నడిచాను. పరీక్ష మార్చిలో అని మళ్ళీ చెప్పాను. ఫీజు కట్టేశావు, హాజరు సరిపోతుంది, రోజూ రాకపోయినా పరవాలేదు, ఆ ఒక్క వారం వస్తే చాలు అన్నాను. "తెలుసు సార్" అంది.

"దీనికి చెప్పుడెందుకు సారూ? దీనికి తెలుసు. నా కొడుక్కు చెప్పు. నా మాటయితే ఇనడు. బస్సెక్కు" అంది నానమ్మ.

ఎక్కాను. తాండా దగ్గర దిగేసరికి మంచు విడిపోయి ఎండ వచ్చింది. వాళ్ళ నాన్న చేలోనే ఉన్నాడు. కోసిన కాయల కుప్ప ఎర్రగా గట్టు మీద ఉంది. జరిగింది మొదటినుంచీ చెప్పాను. అద్దాల సంగతి వచ్చినప్పుడు ఒకసారి తల్లి వైపు చూశాడు. మిగతాదంతా వంగి కాయ ఏరుతూనే విన్నాడు.

"అయితే జాగా ఇయ్యలే" అన్నాడు.

"ఇవ్వలేదు. కాని పరీక్ష రాస్తే సర్టిఫికెట్టు వస్తుంది. దాంతో ఇంకోచోట ప్రయత్నం చేయవచ్చు. ఒక్క వారం పంపు."

"పంపనని ఎవలన్నరు సారూ? ఏరుడైపోయినంక పంపుత."

"ఏరుడు ఎప్పుడైపోతుంది?"

ఆయన నడుం నిలబెట్టి చేను వైపు చూశాడు. రెండో కాపు అప్పుడే పచ్చగా దిగుతోంది. అది పండి, ఏరి, కళ్ళానికి చేరేసరికి మార్చి దాటుతుందని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆయన మళ్ళీ వంగాడు. నేను అమ్మాయి కోసం వెనక్కి చూశాను. పెట్టె గట్టు మీద పెట్టి, తలకు గుడ్డ చుట్టుకుని, ఆమె అప్పటికే ఒక సాలులోకి దిగింది.